కోట ముంగిట పాటల సభ

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది తూర్పుగా సాగి, గోలకొండ కోట సమీపమునుండి హైదరాబాదు చేరుచున్నది. యుద్ధమునకై కట్టిన కట్టడము ప్రజల వేడుకలకు ఎట్లు తావు కాగలదో, అందుకు ఏ హద్దులు పాటింపవలెనో ఆ కోటను చూచి మనము నేర్చుకొనవచ్చును.

కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు గొప్ప రాతికోటగా విస్తరించిరి. ఏనుగులు తలుపులను పగులగొట్టకుండ వాటికి ఇనుప మేకులు బిగించిరి. 1687లో ఔరంగజేబు సేనలు సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినగాని కోట వశము కాలేదు. బాలాహిస్సారు ద్వారమువద్ద చప్పట్లు చరచినచో కొండకొననున్న మంటపములో వినిపించును. పూర్వము కావలివారు ఇట్లే పైవారిని హెచ్చరించెడివారని చెప్పుదురు.

ఆ ధ్వని నేడు చూడవచ్చిన పిల్లలకు వినోదమైనది. సాయంవేళ అచ్చట ధ్వని, కాంతి ప్రదర్శన జరుగుచున్నది. ఆషాఢమాసమున హైదరాబాదు బోనాలు ఆ కోటలోని జగదాంబ ఆలయముననే ఆరంభమగును. డప్పుల మ్రోతతో, పోతరాజుల ఆటతో కోటంతయు మారుమ్రోగును.

అయినను అట్టి కోటలో ఎవరికి తోచినట్లు వారు సభలు జరుపుటకు వీలులేదు. కేంద్ర ప్రభుత్వ రక్షణలోనున్న కట్టడమున సమావేశము, విందు, వినోదము జరుపుటకు 1959 నాటి నిబంధనల ప్రకారము వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. ఆచారముగ వచ్చుచున్న మతోత్సవములకు ఇందుండి మినహాయింపు కలదు. 2010 నాటి చట్ట సవరణ ననుసరించి రక్షిత ప్రదేశపు ఎల్లనుండి 100 మీటర్లలోపు కొత్త కట్టడములు నిషిద్ధములు. ఆపై మరి 200 మీటర్లలో అనుమతి అవసరము. రాష్ట్ర వారసత్వ కట్టడముల రక్షణకు 2017లో తెలంగాణ చట్టము వచ్చినది.

మన పల్లెలలోను బురుజులు, పాత గోడలు అక్కడక్కడ మిగిలియున్నవి. వాటి రాళ్లను ఊడదీసి పశువుల కొట్టములకు వాడుకొనుట సులభమే. కాని తరలిపోయిన రాయి తిరిగి రాదు. ఊరి చరిత్రకు సాక్ష్యము దానితోనే పోవును. అట్టి కట్టడమున్న పంచాయతీ మొదట అది రక్షిత జాబితాలో ఉన్నదో లేదో పురావస్తు శాఖవారిని విచారింపవలెను. లేనిచో ఇంజనీరుచే గోడల బలమును పరీక్షింప జేయవలెను. పిదప కట్టడముపై గాక, దాని ముందరి ఖాళీ స్థలమున సభ జరుపవచ్చును.

వేదికకై పునాదులు త్రవ్వనక్కరలేదు. ఇసుక పరచి తాండూరు బండలు పేర్చినచో చాలును; అవసరము తీరిన పిమ్మట తీసివేయవచ్చును. దీపములకు, తీగలకు గోడలలో మేకులు కొట్టరాదు. వేరుగా గుంజలు పాతవలెను. బీటలువారిన గోడ క్రింద ఎవరిని కూర్చుండనీయరాదు. రాకపోకలకు విశాలమైన దారులు విడువవలెను.

ఒగ్గుకథయో, హరికథయో, భజనయో ఏదైనను ఊరివారితోనే ఆరంభింపవచ్చును. పాట వినుటకు వచ్చిన జనమే ఆ గోడను తమదిగా భావించి కాపాడుదురు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చింపుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.