బాకీ కోసం వాకిట్లో కూర్చోవడమే 'ధర్నా'

అనంతపురం: సోమవారం వచ్చిందంటే కలెక్టరేటు గేటు ముందు టెంటు వెలుస్తుంది. జంపకానా పరుస్తారు, మైకు గొంతు సవరించుకుంటుంది. ఒక్కోసారి రెండు మూడు సంఘాలవారు పక్కపక్కనే కూర్చోవడమూ కద్దు. చెనిక్కాయ రైతు, మునిసిపల్ కార్మికుడు, అంగన్‌వాడీ కార్యకర్త, కాలేజీ విద్యార్థి... ఎవరిని అడిగినా చెప్పే మాట ఒకటే: ధర్నా. అయితే ఈ మాట పుట్టింది రాజకీయాలలో కాదు, అప్పు వసూలులో!

'ధృ' అనే సంస్కృత ధాతువుకు పట్టుకొనుట, నిలుపుట అని అర్థం. మనం వాడే 'ధరించు' కూడా ఆ కొమ్మకు కాసిందే. పూర్వం ఉత్తరాదిన బాకీ రాబట్టుకోలేని ఆసామి బాకీదారు వాకిట్లో అన్నం నీళ్ళు మాని కూర్చునేవాడు. అతడు తినేదాకా ఇంటివారూ ముద్ద ముట్టరాదు. అతడు ప్రాణం విడిస్తే ఆ పాపం బాకీదారుదే. సీమలో వాకిలి అంటే తలుపే కనుక, ఈ సంగతి ఇక్కడివారికి వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు దొరలు ఈ ఆచారానికి బెదిరారు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 508వ సెక్షను కింద, ఒకడు మరొకడి వాకిట్లో ధర్నా కూర్చొని దైవాగ్రహం తగులుతుందని నమ్మించబోవడాన్ని నేరానికి ఉదాహరణగా చూపారు. శిక్ష ఏడాది వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1న కొత్త న్యాయసంహిత అమలులోకి వచ్చేదాకా ఆ సెక్షను పుస్తకంలో అలాగే ఉంది.

దక్షిణాదిలో పద్ధతి వేరు. 13వ శతాబ్దం చివర తమిళ తీరానికి వచ్చిన మార్కో పోలో ఒక వింత రాశాడు. మాటిమాటికీ వాయిదా వేసే బాకీదారు చుట్టూ అప్పిచ్చినవాడు నేలమీద గిరి గీస్తే, తీర్చేదాకానో హామీ ఇచ్చేదాకానో అతడు ఆ గిరి దాటరాదట. దాటితే మరణదండన. ఒక పరదేశి వర్తకుడు గుర్రం మీద వెళ్తున్న రాజు చుట్టూనే గిరి గీశాడు. వర్తకుడికి తృప్తి కలిగేదాకా రాజు అక్కడినుంచి కదలలేదు. ఏలినవారికీ బాకీ వర్తిస్తుందన్న సంగతి అంత పాతది.

గాంధీగారికి మాత్రం ధర్నా గిట్టలేదు. 1921లో కలకత్తా విద్యార్థులు దారికి అడ్డంగా కూర్చుంటే, అది అనాగరికమని, తనను ఎవరూ తొక్కుకుంటూ పోరన్న ధైర్యంతో చేసే పిరికి పని అని 'యంగ్ ఇండియా'లో మందలించారు.

అనంతపురం జిల్లాలో ఈ మాట తలకిందులైంది. ఇక్కడి రైతు తానే బాకీదారు. విత్తనానికి, ఎరువుకు, ఎండిపోయిన బోరుకు చేసిన అప్పు మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది. అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చునేది అతడి ఇంటి ముందరే. అలాంటివాడు కలెక్టరేటు ముందుకు వచ్చేసరికి అప్పిచ్చినవాడై కూర్చుంటాడు! ప్రీమియం కట్టాను, పంట పోయింది, బీమా దుడ్లేవి? ప్రకటించిన ఇన్‌పుట్ సబ్సిడీ ఏది? తుంగభద్ర ఎగువ కాలువకు రాసిచ్చింది 32.5 టీఎంసీలు. డ్యాములో పూడిక పేరుకున్నకొద్దీ అవి నిండుగా రావడం లేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నదీజలాలలో సీమకు ముందు పీట వేసింది. ఇప్పటికీ సీమ వేదికలమీద ఆ కాగితాన్ని ప్రోనోటులా ఎత్తి చూపుతూనే ఉన్నారు.

పత్రికలు అన్నిటినీ ధర్నా అని రాసిపారేస్తాయి కాని, తేడా చిన్నది కాదు. రాస్తారోకోలో ఆగిపోయే బస్సు ప్రయాణికుడు ఎవరికీ ఏమీ బాకీ పడలేదు. బందులో మూతపడేది చిల్లర కొట్టు వాకిలి. బలవంతపు బందు చెల్లదని 1997లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పగా, అదే ఏడాది సుప్రీంకోర్టు సమర్థించింది. 1967లో బెంగాలులో మార్మోగిన ఘెరావ్ ఆ పాత గిరికి దగ్గరి చుట్టం. ఉన్నవాటిలో ధర్నా ఒక్కటే బాకీ పడినవాడి గుమ్మం ముందు మాత్రమే కూర్చుంటుంది.

గుమ్మం వెనకనున్నవాడు ఏనాటికైనా బదులు చెబుతాడన్న నమ్మకం కూడా అందులో ఉంది. ఆ నమ్మకం పోయినవారూ ఈ జిల్లాలో ఉన్నారు. 1952లో జైలులో ఉండి నీలం సంజీవరెడ్డిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి, శాసనసభ వల్ల ప్రయోజనం లేదని 1969లో సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి బయటికి నడిచారు.

ఇప్పుడు గొడవంతా గుమ్మం గురించే. '30 పోలీసు యాక్టు అమలులో ఉంది, అనుమతి తీసుకోవాలి' అనే ప్రకటన పాఠకులకు కొత్త కాదు. హైదరాబాదులో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌకును 2017లో ఊరి చివరలకు తరలించబోతే పెద్ద రభసే జరిగింది. 2018లో హైకోర్టు మళ్ళీ అక్కడే అనుమతించింది. బాకీదారు ఇల్లు ఒకచోట, కూర్చునే అరుగు మరొకచోట అయితే అది వసూలు ఎలా అవుతుంది? జనం మీదా తప్పు లేకపోలేదు. పదకొండు గంటలకు కూర్చొని, ఫొటో దిగి, వినతిపత్రం ఇచ్చి ఒంటిగంటకు భోజనానికి లేచిపోయేదాన్ని అధికారులు కూడా హాజరు పట్టీలాగే చూస్తున్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. మడకశిర, హిందూపురం వారికి కలెక్టరేటు గుమ్మం అనంతపురం నుంచి పుట్టపర్తికి మారింది. ఎండాకాలంలో నీళ్ళకు కటకటలాడే ఊళ్ళ ఆడవాళ్ళు మాత్రం ఎంత దగ్గరయినా ఏ కలెక్టరేటు దాకానూ పోరు. ఊరి ముందరి రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు వరసగా పెట్టి కూర్చుంటారు. నీళ్ళ ట్యాంకరు కనబడగానే ఎవరి బిందె వారు తీసుకొని లేస్తారు.