ముల్లును ముల్లుతోనే తీసే మందు: ఎసైక్లోవిర్

బ్యాక్టీరియాను చంపే మందు కంటే వైరస్‌ను అడ్డుకునే మందును తయారుచేయడం కష్టం. బ్యాక్టీరియా విడిగా బతికే కణం. దాని కణకవచం, ప్రోటీన్లు తయారుచేసే యంత్రాంగం మన వాటికి భిన్నం. వాటిపై గురిపెడితే మన కణాలకు అంతగా హాని ఉండదు. వైరస్ అలా కాదు. మన కణంలోనే చేరి, మన సరుకుతోనే తన ప్రతులను తయారుచేసుకుంటుంది. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకే తగిలే ప్రమాదం ఉంది. మరి వైరస్ చేరిన కణంలో మాత్రమే పనిచేసే మందు సాధ్యమేనా? సాధ్యమేనని హెర్పిస్ కథ చెబుతోంది.

పెదవుల అంచున నీటి పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్, ఆటలమ్మను, పెద్ద వయసులో సర్పిని కలిగించే వారిసెల్లా జోస్టర్ ఒకే కుటుంబానికి చెందిన వైరస్‌లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి హెర్పిస్ సింప్లెక్స్-1 సోకి ఉంది. చాలామందిలో ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు. కానీ అరుదుగా మెదడుకు సోకితే, చికిత్స అందనివారిలో దాదాపు 70 శాతం మంది చనిపోతారు.

ఈ వైరస్‌లకు వాడే ఎసైక్లోవిర్, డీఎన్‌ఏ నిర్మాణంలో ఒక అక్షరమైన గ్వానోసిన్‌ను పోలిన అణువు. అయితే ఇందులో చక్కెర వలయం పూర్తిగా ఉండదు. శరీరంలోకి వెళ్లినప్పుడు ఇది నిద్రాణంగా ఉంటుంది. వరుసగా మూడు ఫాస్ఫేట్లు అతుక్కుంటేనే మందుగా మారుతుంది.

కీలకం మొదటి ఫాస్ఫేట్. దాన్ని అతికించేది వైరస్ తన కోసం తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్. మన కణాల్లోనూ అదే పేరుగల ఎంజైమ్ ఉంది కానీ, అది ఎసైక్లోవిర్‌ను దాదాపు పట్టించుకోదు. మిగతా రెండు ఫాస్ఫేట్లను మన కణంలోని ఎంజైమ్‌లే చేరుస్తాయి. ప్రయోగశాలలో పెంచిన కణాలను పరీక్షించగా, వైరస్ సోకిన వాటిలో క్రియాశీల రూపం సోకని వాటికంటే 40 నుంచి 100 రెట్లు ఎక్కువగా కనిపించింది.

రెండో వడపోత కూడా ఉంది. క్రియాశీల రూపం మన డీఎన్‌ఏ పాలిమరేజ్ కంటే వైరస్ పాలిమరేజ్‌కే గట్టిగా అడ్డుపడుతుంది. వైరస్ దాన్ని అసలు గ్వానోసిన్‌గా పొరబడి డీఎన్‌ఏ గొలుసులో చేరుస్తుంది. తర్వాతి అక్షరాన్ని తగిలించడానికి కావలసిన కొక్కెం, అంటే హైడ్రాక్సిల్ సమూహం, అందులో లేదు. గొలుసు అక్కడితో ఆగిపోతుంది.

ఈ పనితీరును బరోస్ వెల్కమ్ సంస్థలో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం 1977లో వివరించింది. పీహెచ్‌డీ పూర్తిచేయకుండానే పరిశోధనలో రాణించిన ఎలియన్, మందుల రూపకల్పనకు సంబంధించిన కృషికి 1988లో జార్జ్ హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఈ బలంలోనే ఈ మందు పరిమితీ ఉంది. వైరస్ ఎంజైమ్ ఉంటేనే మందు మేల్కొంటుంది. పొక్కులు మానాక వైరస్ నాడీకణాల్లో నిశ్శబ్దంగా దాక్కుంటుంది. అప్పుడు డీఎన్‌ఏ ప్రతులు తయారుకావు కాబట్టి మందుకు పని ఉండదు. అందుకే హెర్పిస్ తగ్గినా పూర్తిగా పోదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఆ ఎంజైమ్‌ను కోల్పోయిన వైరస్ రకాలు మందుకు లొంగకుండా పోవచ్చు. వారికి ఆ తొలి మెట్టు అవసరంలేని ఫోస్కార్నెట్ వంటి మందు ఇస్తారు.

వైరస్ వృద్ధి చెందే వేళలోనే మందు పనిచేస్తుంది కాబట్టి సమయం ముఖ్యం. సర్పి పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు చికిత్స మొదలుపెట్టడం మేలు. జ్వరంతోపాటు మనిషి తికమకపడుతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడువాపుకు కారణం హెర్పిస్ అని అనుమానం వస్తే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా వైద్యులు ఈ మందును నరం ద్వారా ఎక్కించడం మొదలుపెడతారు.