ప్లీడరు గుమాస్తా

న్యాయస్థానమనగానే లోకానికి స్ఫురించేది న్యాయాధిపతీ, నల్లకోటు వకీలూను. చంకలో కాగితాల కట్టతో వరండాలో నిలుచున్న గుమాస్తా ఎవరికీ స్ఫురించడు. వకాల్తాపై కక్షిదారు వేలిముద్ర వేయించేదీ, సమన్లకు బత్తా కట్టేదీ, వాయిదాలను డైరీకెక్కించేదీ ఆతడే.

వీటన్నిటికంటె గడ్డుపని తీర్పు నకలు సంపాదించడం. దిగువ కోర్టులో దావా ఓడిన రైతు జిల్లా కోర్టులో అప్పీలు చేసుకోవడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు తయారుకు పట్టిన కాలాన్ని అందులోనుంచి మినహాయిస్తారు. కాని దరఖాస్తు పెట్టకముందు దొర్లిపోయిన రోజులకూ, సిద్ధమైన నకలును తెచ్చుకొనక జాగుచేసిన రోజులకూ ఆ మినహాయింపు లేదు. రైతు రెండెకరాల చెక్క ఆ తేదీల లెక్కపై నిలిచి ఉంటుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షను ఉన్నమాట నిజమే. అయితే గుమాస్తా మరచిపోయినాడన్నది ప్రతి న్యాయమూర్తికీ చాలిన కారణమనిపించదు.

2009లో జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది; వారికి శిక్షణ ఇస్తారు. మంచిదే. గుమాస్తాకు మాత్రం వకీలుగారి వసారాయే బడి. అక్కడ ఆరితేరినవాడు, తీర్పు చెవినిబడగానే, కక్షిదారును ఓదార్చే పని వకీలుకు వదలి, తాను నకలు దరఖాస్తు రాయడానికి కూర్చుంటాడు.