మెత్తలు కొలిచిన మారుమ్రోత

ఇంటియందొక గదిని హోమ్ థియేటరుగా తీర్చుకొనువారు ద్రవ్యమునంతయు తెరమీదను, స్పీకర్లమీదను వెచ్చించి, తివాచీయు, పరదాలును, సోఫాయు కడపట చేర్చుకొను అలంకారములని తలచుట పరిపాటియైనది. కాని స్పీకరు పలికిన మాట తిన్నగా చెవి సోకినపిమ్మట, ఆ మాటయే గోడలను, నేలను, కప్పును తాకి పదేపదే మరలివచ్చుచుండును. ఆ మ్రోతను ఎంతసేపు బ్రతుకనీయవలెనో నిర్ణయించునవి ఈ మెత్తని వస్తువులే. ఈ సంగతిని మొట్టమొదట అంకెలలోనికి దింపిన మహనీయుడు వాలెస్ క్లెమెంట్ సాబిన్.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఫాగ్ కళాప్రదర్శనశాల క్రొత్తగా వెలసినది. దాని ఉపన్యాసమందిరమున వక్త పలికిన మాట ఐదున్నర సెకనులవరకు వినబడుచుండగా, తరువాతి మాటలు పది పన్నెండు దానిపై వచ్చి పడి, అంతయు ఒక్క ఘోషయై, శ్రోతలకు ఏదియు బోధపడకుండెను. దీనిని చక్కదిద్దుమని విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఇరువదియేడేండ్ల భౌతికశాస్త్రోపాధ్యాయుడగు సాబినును కోరెను. ట్రాముల రొద అణగిన అర్ధరాత్రివేళ, సమీపముననున్న శాండర్స్ థియేటరు కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, కొన్నికొన్నిగా పఱచుచు, ఒక ఆర్గను గొట్టమును మ్రోగించి ఆపి, ఆ నాదము చెవికి అందక పోవువఱకు పట్టిన కాలమును ఆయన కొలిచెడివాడు. తెల్లవారకముందే మెత్తలన్నియు మరల యథాస్థానమునకు చేరవలసియుండెను. తన ఒంటిమీది దుస్తులు సైతము నాదమును పీల్చుచున్నవని కనుగొని, ఎన్నో రాత్రుల కొలతలను త్రోసివేసి, అటుపిమ్మట ప్రతిరాత్రియు ఒకేవిధమగు దుస్తులనే ధరించి మరల ఆరంభించిన ఆ నిష్ఠను తలచునప్పుడెల్ల నాకు చేతులు జోడింపవలెననిపించును.

తెఱచిన కిటికీనుండి వెడలిన ధ్వని మరలిరాదు గనుక, దానినే ఆయన శోషణకు మానముగా గైకొనెను. 1898లో సూత్రము తేలినది: గది ఘనపరిమాణమును ఘనపుటడుగులలో గైకొని 0.049చే గుణించి, మొత్తము శోషణచే భాగించినయెడల, ధ్వనితీవ్రత పదిలక్షలవవంతుకు తగ్గుటకు పట్టు సెకనులు వచ్చును. ఆ లెక్కను ఆధారముగా గొని నిర్మించిన బోస్టను సింఫనీ హాలు 1900లో తెరువబడి, నేటికిని సంగీతప్రియుల మన్ననలందుచున్నది.

ఇక మన ఇండ్లకు వత్తము. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదికి సిమెంటు గోడలు, గ్రానైటు నేల, కాంక్రీటు కప్పు మాత్రమే యున్నచో, అవి తమపై బడు ధ్వనిలో నూటికి రెండుపాళ్లు మాత్రమే పీల్చునని గైకొన్నను, తలుపులు కిటికీలు విడిచి లెక్కించినయెడల మ్రోత ఐదున్నర సెకనులకు పైబడును. అది ఫాగ్ మందిరపు దురవస్థయే. చలనచిత్రపు ధ్వనిముద్రణలోనే దృశ్యమునకు తగిన మ్రోత కూర్చబడియుండును గావున, గది తన మ్రోతను దానికి జోడింపరాదు, 0.4 సెకను చాలును. అందుకు సుమారు 367 చదరపుటడుగుల తెఱచిన కిటికీకి సమమగు శోషణ కావలెను. దళసరి తివాచీయు, వెనుకగోడ నిండ మడతలు మడతలుగా వ్రేలాడు బరువైన పరదాయు కలిసియు అందు కొంతభాగమునే సమకూర్పగలవు. తక్కినది గుడ్డ కప్పిన సోఫాలును, గాజుదూది పలకలును పూరింపవలెను. పలకను ఎచ్చట బిగింపవలెననగా, మీరు సోఫాలో కూర్చుండి, మరియొకరిచే ప్రక్కగోడ వెంబడి అద్దమును జరిపింపుడు. అద్దమున స్పీకరు కనబడిన చోటే దాని స్థానము.

మంద్రనాదముల విషయమున మాత్రము పరదాలును తివాచీలును నిరుపయోగములు. సెకనుకు నూరు కంపనములు గల నాదపు తరంగదైర్ఘ్యము 11 అడుగులకు పైగా నుండును. అంగుళము మందములేని వస్త్రము దానినేమి చేయగలదు? పైగా మన గది పొడవు ఎత్తునకు సరిగా రెట్టింపగుటచేత, 56 కంపనముల చెంత పొడవు వలనను ఎత్తు వలనను కలుగు స్థిరతరంగములు రెండును ఏకమై, ఆ యొక్క స్వరము మాత్రము కొన్నిచోట్ల బొంయిమని విజృంభించును. గది కట్టకముందే పొడవును అడుగో రెండడుగులో మార్చుట ఉత్తమము. కట్టిన గదియైనచో, మంద్రనాదముల పీడనము మూలలయందు మిక్కుటముగా నుండును గనుక, నేలనుండి కప్పువఱకు దళసరి గాజుదూది దిమ్మెలను మూలలలో నిలిపి, సోఫాను వెనుకగోడకు ఆనింపక కొంత ముందునకు జరుపవలెను.