మఠంలో పరాయివాళ్ళు దిగరాదు

తెల్లవారకముందే బెజవాడ గుహాలయాలు చూడబోతే, వాటన్నిటికంటే ఒక రాతిస్తంభమే ఎక్కువ మాట్లాడింది

“గుహలు, సూర్యోదయం, గైడు. మనవాళ్ళకి ఊళ్ళోనే ఉన్న చరిత్ర. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్ళిపోవాలి” అన్నారు ఎడిటర్‌గారు. ముఖచిత్రానికి ఉండవల్లి అనంతపద్మనాభుడు ఉంటే చాలని ఫొటోగ్రాఫరు ముందే తేల్చేశాడు. ఇక మిగిలింది రాయడం. ఇలాంటి నడకల మీద నాకు మొదటినుంచీ కాస్త అపనమ్మకమే. శిథిలాలు చూపించేవాళ్ళు రాళ్ళ గురించి తక్కువా సొరంగాల గురించి ఎక్కువా చెబుతారు. ఉండవల్లి గుహల్లోంచి కొండపల్లి కోటకి సొరంగం ఉందని ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతివాడూ వినే ఉంటాడు. అందులో నడిచి అవతల తేలిన మనిషిని మాత్రం ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

మొగల్రాజపురం కొండ దగ్గరికి చేరేసరికి ఇంకా చీకటి విడలేదు. పొద్దున్నే ఎందుకంటే ఒక కారణం ఎండ. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. తొమ్మిది దాటితే కొండరాయి సెగలు కక్కుతుంది. రెండో కారణం మా గైడు కుర్రాడు చేసి చూపించాడు. రెండో గుహ ముందు నిలబడి సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఎదురుగా వేస్తే అరిగిపోయిన గోడ, అంతే. అదే లైటుని గోడకి ఆనించినట్టు పక్కనుంచి పట్టుకోగానే చూరు కింది గూళ్ళలోంచి తలకాయలు బయటికొచ్చాయి. వెడల్పాటి ముఖం ఒకటి, సగం చెక్కు లేచిపోయిన ముఖం ఒకటి, ముక్కు లేనిది ఇంకొకటి. ఆ పైన వానకీ గాలికీ కరిగిపోయిన నటరాజు. చేతులు ఎన్నో లెక్కపెట్టబోతే భుజాల దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. ఏటవాలు వెలుతురు లోతులేని చెక్కడానికి నీడ ఇస్తుంది. పొద్దెక్కి వెలుతురు నిటారుగా పడితే ఆ నీడ పోతుంది, బొమ్మా పోతుంది. శాసనాలు చదివేవాళ్ళు కూడా పొద్దుటి ఎండనో సాయంత్రపుటెండనో నమ్ముకునేది ఇందుకే.

అప్పటికే కొండ కింద వాకింగ్ చేసేవాళ్ళు తిరుగుతున్నారు. “లోపల పూజ లేదు, దీపం లేదు. ఇంత పొద్దున్నే ఏం చూస్తారు బాబూ?” అని ఒక పెద్దావిడ అడిగింది. “గోడలు చూస్తామండీ మామ్మగారూ” అన్నాడు గైడు. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

తర్వాత ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలు. పేరు చూసి మోసపోకండి. అక్కన్న, మాదన్న గోలకొండ తానాషా కొలువులో మంత్రులు, భక్త రామదాసుకి మేనమామలు, పదిహేడో శతాబ్దం వాళ్ళు. గుహలు వాళ్ళకంటే దాదాపు వెయ్యేళ్ళు పాతవి. దుర్గమ్మ దర్శనానికి వచ్చినప్పుడు ఆ అన్నదమ్ములు ఇక్కడ కొలువుతీరేవారని జనం చెప్పుకుంటారు. వచ్చి కూర్చున్నందుకే గుహ పేరు వాళ్ళదైపోయింది. చెక్కినవాళ్ళ పేరు అడిగేవాడు లేడు.

బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా ఉండవల్లి. నాలుగు అంతస్తులుగా తొలిచిన కొండ ముఖం, లోపల ఒకే రాతిలో చెక్కిన, ఇరవై అడుగుల దాకా ఉండే అనంతపద్మనాభుడి శయనమూర్తి. ఇవి ఫొటోలో మీరు చూస్తూనే ఉన్నారు. నాకు మాత్రం అన్నిటికంటే కింది అంతస్తు నచ్చింది. అది పూర్తికాలేదు. స్తంభాలకని వదిలిన రాతి దిమ్మలు మొరటుగా అలాగే నిలబడ్డాయి. పై అంతస్తుల్లో స్తంభం కిందా పైనా నలుపలక, నడుమ ఎనిమిది పలకలు. ఆ ఎనిమిది పలకలూ ఇలాంటి దిమ్మలోంచే వచ్చాయని ఇక్కడ కళ్ళకి కడుతుంది. పని ఎందుకు ఆగిందో గైడుకి తెలీదు. తెలీదని ఒప్పుకున్నాడు కాబట్టి అతని మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంతవరకు ఎడిటర్‌గారు అడిగింది. నన్ను పట్టుకున్నది వేరే. ఇంద్రకీలాద్రి దగ్గర నడుస్తూ గైడు యథాలాపంగా ఒక మాటన్నాడు: “ఈ కొండ మీదే నన్నయకంటే ముందటి తెలుగు పద్యాలు దొరికాయండి.” తర్వాతి మాటలో మళ్ళీ అర్జునుడి తపస్సులోకి వెళ్ళిపోయాడు. ఆ పద్యాల దగ్గర నేను ఆగిపోయాను.

అది వేంగి చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం. మల్లేశ్వరస్వామి ఆలయంలోని స్తంభం మీద గుప్పెడు మధ్యాక్కరలు. పదో శతాబ్దం తొలి భాగానిదని ఎక్కువమంది పండితుల లెక్క. అంటే రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టడానికి నూరేళ్ళకు పైగా ముందు. దాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పదిహేనో సంపుటంలో అచ్చువేయించినది జయంతి రామయ్య పంతులుగారు. వ్యావహారిక భాషావాదులతో గ్రాంథికం పక్షాన కత్తి దూసిన ఆ పంతులుగారే. ఆయన పరిష్కరించిన పద్యాల్లోని తెలుగు మాత్రం ఆయన గ్రాంథికానికీ లొంగదు, గిడుగు రామమూర్తిగారి వ్యావహారికానికీ లొంగదు. ఇద్దరికీ తాతలనాటి భాష అది.

శాసనాలు ఎక్కువగా పన్నుల లెక్క, పొలాల గట్టు, దాతల పొగడ్త. ఇందులోనూ మొదటి పద్యం రాజు బిరుదులే. రెండో పద్యం నుంచి కథ మారుతుంది.

కథ ఇది. చేబ్రోలు కుమారస్వామి ఏటా జాతరకి బెజవాడ వస్తూండేవాడు. ఒకసారి వచ్చి ఇక తిరిగి వెళ్ళనని ఇక్కడే ఉండిపోయాడు, పండక్కొచ్చి అత్తారింట్లోనే స్థిరపడిన అల్లుడిలాగా. దేవుడు ఉండిపోతే ఆయనకి ఇల్లు కావాలి కదా. యుద్ధమల్లుడి తాత మల్లపరాజు ఆయనకి గుడీ, దాని పక్కన మఠమూ కట్టించాడు. మనవడు ఆ గుడికి మొగమాడు, అంటే ముఖద్వారం మీది కట్టడం, ఎత్తించి పూర్తిచేశాడు.

అసలు సంగతి ఆ మఠం. అది గొరగలది, అంటే శైవ సన్న్యాసులది. గొరగలు కానివాళ్ళెవరూ అందులో విడిది చేయకూడదని శాసనం కచ్చితంగా చెబుతుంది. దిగారో, గొరగలను చంపిన పాపం, వారణాసిని పాడుచేసిన పాపం చుట్టుకుంటాయి. అక్కడితో ఊరుకోలేదు. ఎవరైనా ఈ కట్టడి మీరి చొరబడితే గుడి స్థానపతులూ, అప్పటికి పట్టం కట్టుకుని ఉన్న రాజూ వాళ్ళని బయటికి గెంటాలి. గెంటితే అశ్వమేధం చేసిన ఫలం. చూసీ చూడనట్టు ఊరుకుంటే శివలింగాన్ని పగలగొట్టిన పాపం.

ఒక వసతిగృహం నియమాన్ని ఇంత పకడ్బందీగా ఎందుకు రాయించారు? ‘ఇక్కడ బండ్లు నిలపరాదు’ అని బోర్డు ఉందంటే అక్కడ రోజూ ఎవరో నిలుపుతున్నారనే అర్థం. ఈ మఠంలోకి ఎవరో వచ్చి దిగేవారనీ, దిగినవాళ్ళు లేచేవారు కాదనీ, స్థానపతులు మొహమాటానికో మరి దేనికో ఊరుకునేవారనీ నా ఊహ. చొరబడ్డవాడికి చెప్పిన పాపంకంటే ఊరుకున్న అధికారికి చెప్పిన పాపం తక్కువదేమీ కాదు. దానిమీదే నా అనుమానమంతా. రాయించినవాడికి తన యంత్రాంగం సంగతి బాగా తెలుసు. ఏటి రేవు, కొండ మీద దేవుడు, జాతర, వచ్చేపోయే జనం. పదకొండు వందల ఏళ్ళ తర్వాత దసరా రోజుల్లో ఈ ఊళ్ళో సత్రం గది కోసం తిరిగినవాళ్ళకి ఆ రాజు తలనొప్పి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చమత్కారం. ఎవరిని వెళ్ళగొట్టాలో రాతి మీద చెక్కించిన ఈ రాజునే కొన్నేళ్ళకి చాళుక్య భీముడు గద్దె మీంచి వెళ్ళగొట్టాడు. అశ్వమేధ ఫలం ఎవరి ఖాతాలో పడిందో!

మధ్యాక్కర గురించి కూడా ఒక మాట. పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. నన్నయ వాడాడు. తర్వాతి కవులు చాలామంది పక్కనపెట్టారు. మళ్ళీ దాన్ని చేతిలోకి తీసుకుని పది శతకాలు రాసినవాడు బెజవాడలో కాపురమున్న విశ్వనాథ సత్యనారాయణే. ఆ ‘మధ్యాక్కరలు’కే 1962లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఛందస్సుకి కూడా సొంత ఊరు ఉంటుందేమో అనిపిస్తుంది, రుజువు అడగకండి.

చరిత్ర ఎక్కడని అడిగే పాఠకుల కోసం గబగబా: గుహలు విష్ణుకుండినుల కాలంవని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ వాదించాడు. పల్లవ మహేంద్రవర్మ ఈ విద్యని కృష్ణ ఒడ్డునుంచే దక్షిణానికి పట్టుకెళ్ళాడని ఆయన సిద్ధాంతం. కాదు, అవి ఇంకాస్త తర్వాతివని మరికొందరు. విష్ణుకుండినుల తర్వాత ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో వేంగి చాళుక్యులు వచ్చారు. వాళ్ళలో నరేంద్ర మృగరాజు విజయాదిత్యుడు పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేసి అన్ని శివాలయాలూ కట్టించాడని శాసనాలు చెబుతాయి. ఆ తర్వాత దాయాదుల కొట్లాటల్లో మన యుద్ధమల్లుడి వంతు. చోళులు, కాకతీయులు, రెడ్లు, గజపతులు, రాయలు, గోలకొండ, కుంపిణీ. 1850లలో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ. ఊపిరి తీసుకోండి.

బాక్స్: చేబ్రోలుకి ఒక పూట

దేవుడు ఏ ఊరినుంచి వచ్చాడో ఆ ఊరూ చూడకుండా ఈ కథనం ముగించబుద్ధి కాలేదు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు. అక్కడి భీమేశ్వరాలయంలో మరమ్మతులు చేస్తుండగా బయటపడిన శాసనం గురించి 2019 డిసెంబరులో పురావస్తు శాఖ ప్రకటించింది. శాతవాహన రాజు విజయుడి కాలంది, క్రీ.శ. 207. దక్షిణాదిలో దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే పాతదని శాసన నిపుణులు తేల్చారు. ఊరి పేరు అందులో తాంబ్రాపె. శక్తిమాతృక గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహాలు నిలిపినవాడి పేరు కార్తికుడు. కుమారస్వామి ఊళ్ళో ఆ పేరే దొరకడం కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటేసింది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని, ‘నృత్తరత్నావళి’ రాసిన జాయప ఏలిన ఊరు కూడా ఇదే.

బాక్స్: వెళ్ళేవాళ్ళకి

మొగల్రాజపురానికి తెల్లారేసరికి చేరండి, చేతిలో టార్చి ఉండాలి. లైటు ఎప్పుడూ పక్కనుంచే పట్టండి. గోడల్ని చేత్తో తడమకండి, సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. ఉండవల్లిలో చెప్పులకంటే బూట్లు నయం, కింది అంతస్తుని వదలకండి. ఇంద్రకీలాద్రి దగ్గర త్రికోటిబోయి నిలిపించిన కిరాతార్జునీయ శిల్పాల స్తంభం గురించి అడగండి. ఒక రాజు కాదు, ఒక బోయి నిలిపించిన స్తంభం అది. సొరంగం గురించి అడగకపోతే గైడుకి బోలెడు సమయం మిగులుతుంది.

ఇక చివరి మాట. శాసనంలోని గుడి, మఠం ఇప్పుడు లేవు. జాతరకొచ్చి ఉండిపోయిన కుమారస్వామి కోసం కొండెక్కేవాళ్ళూ కనబడరు, అందరూ అమ్మవారి కోసమే. తప్పులేదు. కానీ దసరాకి కొండ మీది క్యూలో గంటలకొద్దీ నిలబడే లక్షల మందికి చదువుకోవడానికి లడ్డూ ధరల పట్టిక తప్ప మరొకటి ఉంటే బాగుండదా? యుద్ధమల్లుడి పద్యాలని ఇప్పటి తెలుగులో, అందరికీ తెలిసే మాటల్లో పెద్ద అక్షరాలతో ఒక రాతిపలక మీద చెక్కించి ఆ క్యూ పక్కన నిలబెట్టాలని సంబంధించిన పెద్దలకి మనవి. పెద్ద ఖర్చు కాదు, స్థలమూ ఎక్కువ పట్టదు. వచ్చే దసరాలోపు ఆ పని జరగాలి.