హార్స్ పవర్ సరే, గేర్ బాక్స్ సంగతేమిటి?

చిన్న ట్రాక్టర్ కొనడానికి షోరూంకి వెళ్లిన రైతు మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. తర్వాత ధర, ఆ తర్వాత సబ్సిడీ. గేర్ బాక్స్ ఏ రకమని అడిగేవాళ్లు తక్కువ. పత్తి సాళ్ల మధ్యా, మామిడి, బత్తాయి తోటల్లోనూ తిరగాల్సిన 20–30 హెచ్‌పీ బండికి అసలు అడగాల్సింది అదే.

రోటావేటర్ సరిగా తిరగాలంటే సాధారణంగా దాన్ని తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అందుకోసం ఇంజిన్‌ను కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం దగ్గరే నిలిపి ఉంచాలి. బండి మెల్లగా పోవాలని యాక్సిలరేటర్ తగ్గిస్తే రోటావేటర్ కూడా నెమ్మదించి మట్టి గడ్డలుగానే మిగిలిపోతుంది. కాబట్టి నడక తగ్గించాలంటే గేరే దిక్కు. బ్రోచర్‌లో మొత్తం ఎన్ని గేర్లో చూసి మురిసిపోవడం కన్నా, పొలం పనికి పనికొచ్చే తక్కువ వేగాల్లో ఎన్ని ఉన్నాయో చూడటం మేలు.

ఇక రకాలు. పాతకాలపు స్లైడింగ్ మెష్‌లో పళ్ల చక్రమే జరిగి ఇంకో చక్రంతో కలుస్తుంది. బండి పూర్తిగా ఆగకముందే లివర్ లాగితే కర్రుమని అరుస్తుంది, ఆ అరుపులో పళ్లు కొద్దికొద్దిగా అరుగుతాయి. చవక, ఊళ్లో మెకానిక్ విప్పి బిగించగలడు. కాన్‌స్టెంట్ మెష్‌లో చక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. మధ్యలో ఉన్న కాలర్ మాత్రమే జరుగుతుంది కాబట్టి అరుగుదల తక్కువ. సింక్రోమెష్‌లో కలవబోయే రెండింటి వేగాన్నీ ముందే సమం చేసే రింగ్ ఉంటుంది. కారులోలాగా బండి కదులుతుండగానే గేర్ పడుతుంది.

ఇంత సౌకర్యం పొలంలో ఎందుకనేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. చదరంగా ఉన్న ఎకరం మడిని నాలుగడుగుల రోటావేటర్‌తో దున్నితే 53 సార్లు అటూ ఇటూ పోవాలి. చివర మలుపుకి చోటు లేకపోతే ప్రతిసారీ రివర్స్ తప్పదు. అందుకే ముందుకూ వెనక్కీ ఒకే లివర్‌తో మార్చే షటిల్‌కి ఇంత గిరాకీ. 2023 ఆగస్టులో కేప్‌టౌన్‌లో మహీంద్రా ఆవిష్కరించిన ఓజా చిన్న ట్రాక్టర్లలో ముందుకు 12, వెనక్కి 12 గేర్లతో ఈ ఏర్పాటు ఉంది. అవి తయారయ్యేది జహీరాబాద్‌లోనే.

క్లచ్ సంగతీ మరవకూడదు. సింగిల్ క్లచ్ తొక్కితే బండితోపాటు పీటీవో కూడా ఆగుతుంది. డబుల్ క్లచ్‌ని సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగి రోటావేటర్ తిరుగుతూనే ఉంటుంది. స్ప్రేయర్, రోటావేటర్ వాడేవాళ్లకి ఇది లేకపోతే ఇబ్బందే.

అమెరికాలో మాత్రం చిన్న ట్రాక్టర్లలో హైడ్రోస్టాటిక్‌దే హవా. అక్కడ వీటికి ముందు లోడర్ తగిలించి మట్టి ఎత్తిపోయడం, మంచు తోయడం, గడ్డి కోయడం ఎక్కువ. ఆయిల్ పంపు, మోటారు మధ్య ఒత్తిడితో నడిచే ఈ పద్ధతిలో కాలితో పెడల్ ఎంత నొక్కితే అంత వేగం, గేర్ మార్చే పనే తక్కువ. పైగా ఇంజిన్ ఆర్‌పీఎం మారకుండానే నడక మార్చుకోవచ్చు. కానీ ఊరికే రాదు. కుబోటా ఎల్2501లో ఒకే ఇంజిన్ ఉన్నా గేర్ మోడల్ పీటీవోకి 20.5 హెచ్‌పీ ఇస్తే, హైడ్రోస్టాటిక్ మోడల్ 19 ఇస్తుంది. మిగతాది ఆయిల్ వేడెక్కడానికి పోతుంది. ధర ఎక్కువ, ఆయిల్‌లో దుమ్ము పడితే ఖరీదైన రిపేరు. రోజంతా దుక్కి దున్నే మన పొలాలకి ఇది సరిపడదు.

దున్నకం, ట్రాలీ రవాణాయే ప్రధానమైతే కాన్‌స్టెంట్ మెష్ చాలు. తోటల్లో అంతరసేద్యం, అద్దె పనులు ఎక్కువైతే షటిల్, డబుల్ క్లచ్‌లకి ఖర్చు పెట్టొచ్చు. డెమో బండిని షోరూం ముందు సిమెంటు నేల మీద కాకుండా సొంత పొలంలో, సొంత పనిముట్టు తగిలించి నడపమనాలి. 540 గుర్తు దగ్గర ఇంజిన్ పెట్టి, అన్నిటికన్నా చిన్న గేర్లో చెట్ల మధ్య ఒక సాలు పోయి, చివర గట్టు దగ్గర వెనక్కి తిప్పి చూస్తే చాలు. క్లచ్ ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చిందో ఎడమకాలే చెబుతుంది.