తప్పు చేయనివాడికి లాయర్ ఎందుకు?

అమెరికాలో ముస్లింల పౌర హక్కుల గురించి, వలస కేసుల్లో వాదించే లాయర్ల గురించి పోయినసారి ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం కదా. అది విన్నాక మీలో చాలామంది ఒకే ప్రశ్న పంపారు: "తప్పు చేయనివాడికి లాయర్ ఎందుకు?" వెటకారంగా అడిగినవాళ్లు తక్కువ, నిజంగా తెలుసుకోవాలని అడిగినవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు నేనూ ఇలాంటి ప్రశ్నే అడిగాను. ఎవరిని అడిగానో ముందు చెప్పాలి.

మాస్టర్స్ చదివే రోజుల్లో నా రూమ్మేట్ ఒకడు ఉండేవాడు. కర్నూలు వాడు, ముస్లిం. చదువు అయ్యాక వేరే రాష్ట్రం వెళ్లాడు. గ్రీన్‌కార్డ్ దరఖాస్తు నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే ఇద్దరు అధికారులు వచ్చి తలుపు కొట్టారు. వాడు లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, టీ పెట్టి, బిస్కెట్లు కూడా పెట్టాడు. ముప్పావు గంట మాట్లాడారు. మొదట ఊరు, ఉద్యోగం. తర్వాత మసీదుకి ఎవరెవరు వస్తారు, ఏం మాట్లాడుకుంటారు. వెళ్లేటప్పుడు, అప్పుడప్పుడు తమతో మాట్లాడుతుంటే వాడికే మంచిదని అన్నారట. బెదిరింపేమీ లేదు. కానీ కార్డు చేతికొచ్చే దాకా వాడికి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇదంతా నాకు ఆరేళ్ల తర్వాత చెప్పాడు. విని నేనన్న మొదటి మాట: "నువ్వేం చేశావ్ రా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనేం జేసినా? టీ ఇచ్చినా," అన్నాడు.

ఆ రోజు వాడికి ఉన్న హక్కులు

అధికారులు వారెంట్ లేకుండా వస్తే వాళ్లని లోపలికి పిలవాల్సిన పని లేదు. "నా లాయర్ ద్వారా మాట్లాడతాను, మీ కార్డు ఇచ్చి వెళ్లండి" అని మర్యాదగా చెప్పొచ్చు. అలా చెప్పడం నేరం కాదు. మాట్లాడి, అందులో తెలిసి అబద్ధం చెబితే మాత్రం నేరం. ఫెడరల్ అధికారికి ముఖ్యమైన విషయంలో అబద్ధం చెబితే మామూలుగా 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రమాణం చేయించకపోయినా, మన ఇంట్లో సోఫాలో కూర్చుని మాట్లాడినా ఇది వర్తిస్తుంది. కంగారులో తేదీ తప్పు చెప్పినంత మాత్రాన నేరం కాదు. కానీ అది పొరపాటో అబద్ధమో తర్వాత తేల్చుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. ఏ తప్పూ చేయనివాడికి కూడా లాయర్ కావాల్సిన మొదటి కారణం ఇదే.

మరి వాడు అలా ఎందుకు చెప్పలేదు? కాగితాలు ప్రభుత్వం దగ్గర పెండింగ్‌లో ఉన్న మనిషికి, హక్కు వాడుకుంటే ఆ కాగితం ఆగిపోతుందేమో అని భయం. వీసా మీద ఉన్న మనలో ఈ భయం తెలియనివాళ్లు ఎవరు?

రూల్ పాటించినవాళ్లకే దెబ్బ

ఆ భయం ఊరికే పుట్టలేదు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002లో, ఎన్‌సీర్స్ అనే ప్రత్యేక నమోదు పథకం పెట్టారు. 25 దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చిన 16 ఏళ్లు నిండిన మగవాళ్లు వలస కార్యాలయానికి వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వాటిలో ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. పాకిస్తాన్, బంగ్లాదేశ్ జాబితాలో ఉన్నాయి, ఇండియా లేదు.

ఈ పిలుపు విని 80 వేలమందికి పైగా తమంతట తాము వెళ్లి నమోదు చేసుకున్నారు. వాళ్లలో 13 వేలమందికి పైగా మీద దేశం నుంచి పంపించే కేసులు మొదలయ్యాయి. చాలావరకు వీసా గడువు లాంటి వలస నిబంధనల విషయాలే. ఆ డిసెంబర్‌లో దక్షిణ కాలిఫోర్నియాలో వందలమందిని అక్కడికక్కడే పట్టుకున్నారు. పథకం వల్ల ఒక్క ఉగ్రవాద నేరమైనా రుజువైన దాఖలా లేదు. 2011లో దాన్ని ఆపేశారు, 2016 డిసెంబర్‌లో నిబంధనలనే తీసేశారు. భయపడి దాక్కున్నవాళ్లు కాదు, చెప్పినట్టు క్యూలో నిలబడ్డవాళ్లే ఇందులో చిక్కుకున్నారు.

కేసు వేస్తే పేరు మాయం

మా స్నేహితుడి లాంటి పరిస్థితి సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. ముహమ్మద్ తన్వీర్ గ్రీన్‌కార్డ్ ఉన్న మనిషి, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండేవాడు, లారీ నడిపేవాడు. తన సమాజం మీద నిఘా పెట్టి సమాచారం ఇమ్మని ఎఫ్‌బీఐ అడిగిందనీ, కుదరదన్నందుకు తనను నో ఫ్లై లిస్టులో పెట్టారనీ ఆయన వాదన. అలాంటి వాదనతోనే మరికొందరు కలిశారు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ లా స్కూల్లోని క్లియర్ అనే విభాగం వాళ్ల తరఫున నిలబడి 2013లో కేసు మొదలుపెట్టింది.

2015లో, విచారణకు కొద్ది రోజుల ముందు, మీరిక విమానం ఎక్కొచ్చని ప్రభుత్వం వాళ్లకు ఉత్తరాలు పంపింది. ఎందుకు పెట్టారో చెప్పలేదు, ఎందుకు తీశారో చెప్పలేదు. అయినా వాళ్లు వదల్లేదు. మత స్వేచ్ఛ కోసం 1993లో చేసిన చట్టం కింద అధికారుల నుంచి వ్యక్తిగతంగా నష్టపరిహారం అడగొచ్చని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 8-0తో తేల్చింది. పరిహారం మాత్రం చేతికి రాలేదు. అధికారులకు ఉండే అర్హతతో కూడిన రక్షణ అనే సూత్రం అడ్డం పడింది. మనిషికి పూర్తి గెలుపు కాదు, కానీ తర్వాత వచ్చేవాళ్లకు తలుపు తెరుచుకుంది.

ఇంకో కేసు యోనస్ ఫిక్రేది. ఆయన అమెరికా పౌరుడు. ఆయన పేరూ నో ఫ్లై లిస్టులోకి ఎక్కింది, కేసు నడుస్తుండగా 2016లో తీసేశారు. "పేరు తీసేశాం కదా, ఇక కేసెందుకు?" అని ప్రభుత్వం వాదించింది. ఫిక్రే తరఫున సుప్రీంకోర్టులో వాదించింది కెయిర్ లాయర్ గదేర్ అబ్బాస్. కెయిర్ అంటే 1994లో మొదలైన కౌన్సిల్ ఆన్ అమెరికన్ ఇస్లామిక్ రిలేషన్స్. 2024 మార్చిలో న్యాయమూర్తులందరూ ఒకే మాట చెప్పారు: పేరు తీసినంత మాత్రాన సరిపోదు, అదే పని మళ్లీ చేయరని ప్రభుత్వం చూపించాలి, అప్పటిదాకా కేసు బతికే ఉంటుంది.

రెండు కేసుల్లోనూ గమనించండి. ఇంతకీ తన మీద ఉన్న ఆరోపణ ఏమిటో ఆ మనిషికి తెలియదు. ఆరోపణ తెలిస్తే తప్పు చేయలేదని మనమే చెప్పుకోవచ్చు. తెలియనప్పుడు, "ఏమిటది?" అని కోర్టులో అడిగేవాడు కావాలి.

ఇమిగ్రేషన్ కోర్టులో ఒంటరిగా

మనం సినిమాల్లో చూసేది క్రిమినల్ కోర్టు. అక్కడ తీవ్రమైన నేరం మోపితే, డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలని సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. ఇమిగ్రేషన్ కేసు సివిల్ లెక్కలోకి వస్తుంది. లాయర్‌ని పెట్టుకునే హక్కు ఉంది, కానీ ప్రభుత్వ ఖర్చుతో కాదని చట్టమే చెబుతుంది. ఎదురుగా ప్రభుత్వ లాయర్ ఉంటాడు, ఇటువైపు మనిషి ఒక్కడే ఉండొచ్చు. 2007 నుంచి 2012 దాకా ముగిసిన కేసుల్లో లాయర్ ఉన్నది 37 శాతానికే. నిర్బంధంలో ఉన్నవాళ్లలో అయితే 14 శాతమే. న్యూయార్క్ నగరం 2013 నుంచి నిర్బంధంలో ఉన్నవాళ్లకు ప్రజల డబ్బుతో లాయర్లని ఇస్తోంది. అన్నిచోట్లా అలా లేదు. ఆ ఖాళీలోనే కెయిర్, క్లియర్ లాంటివి, లా స్కూల్ విద్యార్థులు, ఉచితంగా వాదించే లాయర్లు పనిచేస్తున్నారు.

మన ఫైళ్ల దాకా

"మనకెందుకులే" అనేవాళ్లకు ఒక విషయం. 2008లో వలస శాఖ కార్ప్ అనే అంతర్గత పద్ధతి పెట్టింది. జాతీయ భద్రత అనుమానం ఉందనుకున్న దరఖాస్తుల్ని పక్కకు తీసి, విడిగా పరిశీలించేవారు. దరఖాస్తుదారుడికి ఆ ముద్ర పడినట్టే తెలిసేది కాదు. హక్కుల సంఘాలు సమాచార చట్టం కింద పత్రాలు బయటికి తీయించాకే ఈ సంగతి జనానికి తెలిసింది. 2017లో దాని మీద సియాటెల్‌లో కేసు వేశారు.

హైదరాబాద్ నుంచి వచ్చి షికాగో డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాల్లో ఎందరో సిటిజన్‌షిప్‌కి పెట్టుకునేవాళ్లే. వాళ్లకే కాదు, మనందరికీ పనికొచ్చే నియమం ఒకటి ఉంది. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే, నేరుగా ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ఏళ్ల తరబడి "పేరు పరిశీలనలో ఉంది" అనే జవాబు వింటూ కూర్చోనక్కర్లేదు. మీ కేసుకు ఇది సరిపోతుందో లేదో మాత్రం లాయరే చూసి చెప్పాలి. ఈ వ్యాసం న్యాయ సలహా కాదు.

ఇక నా సంగతి. "నువ్వేం చేశావ్?" అన్న మాటలో, ఏదో చేసే ఉంటావనే అర్థం ఉంది. మూడేళ్లు ఒకే వంటింట్లో అన్నం వండుకున్నవాడిని నేను అలా అడిగాను. ఆరేళ్లు నాకెందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. మీ స్నేహితుడెవరైనా రేపు ఇలాంటి కబురు చెబితే, నాలా అడక్కండి. "లాయర్‌తో మాట్లాడావా? నేనూ తోడు రానా?" అని అడగండి.

ఎపిసోడ్ పూర్తి పాఠం కింద ఉంది. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే పంపండి.